.303 కేసులు అడుగున ఎందుకు తెగుతున్నాయి: హెడ్‌స్పేస్ డైరీ

తెగిన కేస్

నా నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్‌లో (.303 తూటా వాడే పాత బ్రిటిష్ సైనిక రైఫిల్) రీలోడ్ చేసిన కేస్ ఒకటి రెండు ముక్కలైంది. కేస్ అంటే తూటా ఇత్తడి గొట్టం; కాలిన కేస్‌లో కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ వాడటమే రీలోడింగ్. బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) వెనక్కి లాగితే రిమ్ (కేస్ అడుగున ఉండే అంచు), దాని మీద వేలి వెడల్పు ఇత్తడి మాత్రమే బయటికొచ్చాయి. మిగతా గొట్టం ఛాంబర్‌లోనే (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గూట్లోనే) ఉండిపోయింది. కాల్చినప్పుడు తేడా ఏమీ తెలియలేదు. చప్పుడు మామూలే, గురి మామూలే. చూసుకోకుండా ఇంకో తూటా ఎక్కించి ఉంటే అది సగంలో బిగుసుకుపోయేది. విరిగిన కేస్‌ను లాగే పనిముట్టు ఒకటి ఉంటుంది, చూడటానికి తూటాలాగే ఉంటుంది. దాన్ని లోపలికి తోసి బోల్ట్ మూసి లాగితే గొట్టం వచ్చేసింది. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ రైఫిల్ కాల్చేవాళ్లు ఈ ముక్కలు ఒకసారి చూస్తే చాలు, అలవాటు చేసుకుంటారు.

అదే లాట్‌లోని మిగతా కేసులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. చాలావాటి మీద అడుగు నుంచి 10-12 మిల్లీమీటర్ల ఎత్తులో సన్నటి మెరుపు గీత చుట్టూ తిరిగి ఉంది. పేపర్ క్లిప్ సాపు చేసి, కొన దగ్గర అడ్డంగా వంచి, ఆకురాయితో సూదిగా చేసుకున్నాను. దాన్ని కేస్ లోపల అడుగుదాకా దించి గోడను ఒరుసుకుంటూ పైకి లాగితే గీత ఉన్న చోట తట్టుకుంటోంది. బయట గీత లేని రెండు కేసుల్లో కూడా తట్టుకుంది. కాబట్టి కంటితో చూసి బాగుందనుకుంటే సరిపోదు, తీగతో గీరి చూడాల్సిందే.

ఒక కేస్‌ను సన్న రంపంతో నిలువునా కోశాను. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేశాక విషయం అర్థమైంది. అడుగు దిమ్మ దళసరిగా మొదలై పైకి పోయేకొద్దీ గోడ క్రమంగా పల్చబడాలి. ఇక్కడ దిమ్మ దాటగానే లోపలి వైపు గోడ చుట్టూ గాడి పడింది. గాడి లోతున మిగిలిన ఇత్తడి, దాని పైనున్న గోడలో సగం కూడా లేదు. బయటి వైపు మాత్రం నున్నగానే ఉంది.

లోపల ఏం జరుగుతోంది

కొలతలకు ముందు ఒకసారి రాసి పెట్టుకుంటున్నా. ఈ లెక్క పట్టుకోకపోతే తర్వాతి అంకెలు అయోమయంగా ఉంటాయి.

కేస్ ముందుకు పోకుండా ఛాంబర్‌లో ఎక్కడో ఒక చోట ఆగుతుంది. ఆగే ఆ చోటు నుంచి బోల్ట్ మొహం దాకా ఉన్న దూరమే హెడ్‌స్పేస్. .308, .30-06 లాంటి తూటాల్లో భుజం, అంటే కేస్ మెడ వైపు సన్నబడే వాలు, ఆపుతుంది. అడుగు చుట్టూ పట్టీలాంటి బెల్ట్ ఉన్న మాగ్నమ్ తూటాల్లో ఆ బెల్ట్ ఆపుతుంది. .45 ఏసీపీ లాంటి పిస్టల్ తూటాల్లో కేస్ మూతి ఆపుతుంది. .303 పాతకాలపు డిజైన్, 1888లో బ్లాక్ పౌడర్‌తో (పాతకాలపు నల్ల తుపాకి మందుతో) మొదలైంది. దీన్ని ఆపేది రిమ్. రిమ్ మందం కన్నా బోల్ట్‌కూ బ్యారెల్‌కూ మధ్య చోటు ఎంత ఎక్కువుంటే, కేస్ అంత మేర ముందుకూ వెనక్కీ ఆడుతుంది.

ఫైరింగ్ పిన్ కొట్టగానే కేస్ ముందుకు జరిగి రిమ్ బ్యారెల్ అంచుకు ఆనుతుంది. ఒత్తిడి పెరిగేసరికి పల్చటి ముందు గోడలు ఉబ్బి ఛాంబర్‌ను అతుక్కుంటాయి. దళసరి అడుగు ఉబ్బదు, పట్టుకోదు. ఒత్తిడి దాన్ని వెనక్కి నెడుతుంది, బోల్ట్ మొహం తగిలేదాకా పోతుంది. ముందు భాగం కదలదు, వెనక భాగం ఆగదు. మధ్యలో ఉన్న ఇత్తడి సాగుతుంది. సాగిన ఇత్తడి మళ్లీ దళసరి కాదు.

గేజీలు

గోడలు తెగుతున్నాయంటే తప్పు రైఫిల్‌దే అన్నది అందరి మొదటి అనుమానం. రేంజ్‌లో తోటి షూటర్ కూడా అదే అన్నాడు: "బోల్ట్ హెడ్ మార్చెయ్యన్నా, పోతుంది." ఆ మాటలో న్యాయం లేకపోలేదు. నంబర్ 4లో బోల్ట్ హెడ్ విడిగా ఊడొస్తుంది. 0 నుంచి 3 దాకా నంబర్లు కొట్టి ఉంటాయి, నంబరు పెరిగేకొద్దీ పొడవు పెరుగుతుంది. హెడ్‌స్పేస్ సరిచేయడానికి సైన్యం పెట్టుకున్న ఏర్పాటే ఇది.

ఎక్స్‌ట్రాక్టర్ (కేస్‌ను బయటికి లాగే కొక్కెం) విప్పేసి, ఛాంబర్, బోల్ట్ మొహం తుడిచి హెడ్‌స్పేస్ కొలిచే గేజీలు పెట్టాను. బోల్ట్‌ను బొటనవేలి బలంతోనే దించాలి. పిడి పట్టుకుని అదిమితే గేజ్ నొక్కుకుని అబద్ధం చెబుతుంది. ఇక్కడి నుంచి అంకెలన్నీ థౌలలో, అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో రాస్తాను. ఒక థౌ అంటే 0.0254 మిల్లీమీటరు.

64 గో గేజ్ మీద మూసుకుంది, మూసుకోవాలి కూడా. 67 నో-గో, అంటే మూసుకోకూడని గేజ్, మీద కూడా మూసుకుంది. గో గేజ్ వెనక గ్రీజుతో ఫీలర్ గేజ్ ఆకులు (మందం తెలిసిన సన్న రేకులు) అంటించి చూస్తే 70 మీద మూసుకుంది, 72 మీద ఆగిపోయింది. సుమారు 71 అనుకుంటున్నా.

ఇక్కడే తకరారు. వాణిజ్య గేజీల లెక్కలో 70 ఆఖరి హద్దు (ఫీల్డ్ గేజ్), దాని మీద మూసుకుంటే ఫెయిల్. బ్రిటిష్ సైన్యం నో-గో 74, ఆ లెక్కన ఈ రైఫిల్ దర్జాగా పాస్. సైన్యం వాడిన తూటాలు ఒక్కసారి కాల్చి పారేసేవి, కేస్ ఆ ఒక్కసారి తట్టుకుంటే వాళ్లకు చాలు. అదే కేస్ పదే పదే వాడాలనుకునేవాడికి పాస్ అన్న మాట పెద్దగా పనికిరాదు. ఈ రైఫిల్ ఛాంబర్లు వదులుగా తొలవడం కూడా ఆ కాలపు అవసరమే. బురద, దుమ్ము పట్టిన తూటా కూడా ఎక్కాలి. అందుకే భుజం ముందు బోలెడు ఖాళీ ఉంటుంది.

ప్రైమర్ చెప్పే నిజం

గేజ్ కొలిచేది రైఫిల్‌ను మాత్రమే. నాకు కావాల్సింది ఈ రైఫిల్‌లో ఈ కేస్ ఎంత ఆడుతోందన్నది. రిమ్ మందం కేస్ కేస్‌కూ మారుతుంది. నా దగ్గర ఉన్నవి 59 నుంచి 61 మధ్య వచ్చాయి.

దీనికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. మందు, బుల్లెట్ లేని ఖాళీ కేస్ తీసుకుని, దాని అడుగున ప్రైమర్ (పిన్ దెబ్బకు పేలి మందును అంటించే చిన్న గిన్నె) గూట్లో పేలిపోయిన పాత ప్రైమర్‌ను కొంచెంగా, పైకి పొడుచుకొచ్చేలా గుచ్చాలి. మెల్లగా ఛాంబర్‌లోకి పంపి బోల్ట్ మూస్తే బోల్ట్ మొహం ప్రైమర్‌ను లోపలికి తోస్తుంది, ఖాళీ ఉన్నంత మేర బయటే వదులుతుంది. తీసి కాలిపర్‌తో కేస్ మూతి నుంచి ప్రైమర్ దాకా ఒకసారి, మూతి నుంచి అడుగు దాకా ఒకసారి కొలిస్తే ఆ తేడాయే కేస్ ఆడే దూరం. పేలని ప్రైమర్‌తో ఈ పని అస్సలు చేయకూడదు, చెప్పక్కర్లేదనుకుంటా.

60 మందం రిమ్ ఉన్న కేస్‌తో 11 వచ్చింది. రైఫిల్ 71, రిమ్ 60, తేడా 11. రెండు దారుల్లో వెళ్లినా ఒకే అంకె వచ్చిందంటే కొలతల మీద నమ్మకం కుదిరింది.

ఈ పరీక్షకు వాడింది ఫుల్ లెంత్ డైలో (ఉబ్బిన కేస్‌ను మళ్లీ చిన్న కొలతకు నొక్కే ఉక్కు అచ్చులో) పూర్తిగా సైజ్ చేసిన కేస్. ఆ తర్వాత కాల్చేశాక అసలు సైజ్ చేయని కేస్ పెట్టి చూశాను. ప్రైమర్ దాదాపు పూర్తిగా లోపలికి పోయింది. రైఫిల్ అదే, బోల్ట్ అదే, రిమ్ మందం కూడా అదే. కేస్ మాత్రం కదలడం లేదు. రిమ్ బ్యారెల్‌కు ఆనకముందే, ఛాంబర్ ఆకారంలోకి ఉబ్బిన భుజం ముందు తగిలి ఆపేస్తోంది.

నాకు సంబంధించినంతవరకు కేసు ఇక్కడ తేలిపోయింది. కొత్త తూటాను రిమ్ ఆపుతుంది, అది మొదటిసారి 11 థౌ సాగుతుంది, దానికి చేసేదేం లేదు (ఉంది, కింద రాస్తాను). ఒకసారి కాలిన కేస్‌కు భుజం ఆసరా దొరికింది. ఆ ఆసరాను ప్రతిసారీ చెరిపేస్తున్నది నా బల్ల మీదున్న డై.

భుజం ఎక్కడుంది

కాలిపర్‌కు కంపారేటర్ బిగించి భుజం మీద ఒకే చోట నుంచి అడుగు దాకా కొలవడం మొదలుపెట్టాను. అసలు అంకె ముఖ్యం కాదు, తేడా ముఖ్యం. కాల్చిన కేస్‌ను సున్నా అనుకుంటే కొత్త ఫ్యాక్టరీ కేస్ భుజం 22 థౌ వెనక ఉంది. డైతో వచ్చిన సూచనల కాగితంలో ఉన్నట్టు షెల్ హోల్డర్‌కు (ప్రెస్‌లో కేస్ అడుగును పట్టుకునే ముక్కకు) ఆనేదాకా డై దించి సైజ్ చేస్తే 14 వెనక్కి పోతోంది.

డై తయారీదారుకు నా ఛాంబర్ ఎంతో తెలియదు. అన్నిట్లోనూ చిన్న ఛాంబర్‌లో కూడా పట్టేలా చేస్తాడు. అది డై తప్పు కాదు. కానీ నా రైఫిల్‌లో లెక్క ఇలా వస్తుంది: కాల్పులో భుజం ముందుకు ఉబ్బుతుంది, డై 14 వెనక్కి తోస్తుంది, మళ్లీ రిమ్ దాకా 11 థౌ ఆట, మళ్లీ అడుగు సాగుడు. ఇత్తడి తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుందో కేస్ గోడకు అదే అవుతోంది.

ఈ సాగుడు బయటికి కనిపించే దారి ఒకటుంది, అది కేస్ పొడవు. .303 కేస్‌కు గరిష్ఠం 2.222 అంగుళాలు, ట్రిమ్ చేస్తే 2.212కు తెస్తారు. మెడ దగ్గర పెరిగిన ఇత్తడిని కోసేస్తాం కాబట్టి సమస్య తీరినట్టు అనిపిస్తుంది. ఆ ఇత్తడిలో చాలావరకు అడుగు గోడ నుంచి వచ్చిందే. ఊరికే ట్రిమ్ చేయాల్సి వస్తోందంటే ట్రిమ్మర్ పదును చూసుకోవడం కాదు, తీగ పట్టుకుని గాడి చూడాలి. ట్రిమ్ మానేయడం కూడా కుదరదు. మూతి మరీ పొడవైతే ఛాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ను వదలదు, ఒత్తిడి ఎగబాకుతుంది.

డై పైకి లేపడం

ప్రెస్‌లో (కేస్‌ను డైలోకి తోసే మీట యంత్రంలో) డై మర అంగుళానికి 14 చుట్లు. ఒక చుట్టు అంటే 71 థౌ, పావు చుట్టు అంటే 18 దాకా. చేత్తో తిప్పే పనికి ఇది చాలా మొరటు. అందుకే చుట్లు లెక్కపెట్టడం మానేసి షెల్ హోల్డర్‌కూ డై అడుగుకూ మధ్య ఫీలర్ గేజ్ పెట్టి ఖాళీ కొలుస్తున్నాను.

ఖాళీ 18 ఉన్నప్పుడు కొలిస్తే భుజం 3 ముందుకొచ్చింది! డై తగలకపోతే సున్నా దగ్గరే ఉండాలి కదా అనిపిస్తుంది. డై ముందు కేస్ ఒంటిని చుట్టూ నొక్కుతుంది, నొక్కిన ఇత్తడి పోయే దారిలేక భుజాన్ని ముందుకు తోస్తుంది. డై భుజం ఇంకా అందలేదు కాబట్టి వెనక్కి తోసేవాడు లేడు. ఈ సెట్టింగ్‌లో చేసిన కేస్‌కు బోల్ట్ బిగుతుగా మూసుకుంది. కొంచెమే సైజ్ చేశాను, అయినా అసలు చేయని దానికన్నా బిగుతుగా ఉందేంటి అని చాలామంది తల పట్టుకునేది ఇక్కడే. అక్కడ భయపడి డై పూర్తిగా కిందికి దించేస్తారు, మళ్లీ కథ మొదటికొస్తుంది.

మెల్లగా దించుతూ పోయాను. 17 దగ్గర ఇంకా +3. 14 దగ్గర సున్నా. 12 దగ్గర −2. అక్కడ ఆపాను. బోల్ట్ రైఫిల్‌కు 1 నుంచి 2 థౌ వెనక్కి జరిపితే చాలు. సెమీ ఆటోమేటిక్‌కు 3, 4 ఇస్తారు, అది తనంతట తాను మూసుకోవాలి కాబట్టి.

సరిచూడటానికి మళ్లీ పాత ప్రైమర్. ఈ కేస్‌తో 3 వచ్చింది. 11 ఉన్నచోట 3. రైఫిల్ మీద చెయ్యి వేయలేదు.

చిన్న చిన్నవి

అన్ని కేసులూ −2 దగ్గర ఆగడం లేదు, కొన్ని సున్నా, కొన్ని −4. కారణాలు ఊహించినవే. లూబ్ (సైజ్ చేసేముందు కేస్‌కు పూసే జారుడు పూత) ఒక్కోదానికి ఒక్కోలా పట్టడం, ప్రెస్ పిడిని ఒకసారి టకామని, ఒకసారి నింపాదిగా దించడం. కింద కాసేపు పట్టి ఉంచితే తేడా తగ్గింది. ఎక్కువసార్లు కాలి గట్టిపడిన ఇత్తడి స్ప్రింగ్‌లా వెనక్కి లేస్తుంది కాబట్టి మెడ, భుజం ఎనీలింగ్ చేశాక (వేడి పెట్టి మెత్తబరిచాక) ఇంకా తగ్గింది. వేడి భుజం దాటి కిందికి రాకూడదు. అడుగు మెత్తబడితే అది తూటా కేస్ కాదు, ప్రమాదం.

ఛాంబర్‌లో నూనె ఉంటే కేస్ గోడ పట్టుకోదు, జారుతుంది, అప్పుడు సాగదు అని ఒక వాదన ఉంది. సాగకపోవడం నిజమే కావచ్చు. కానీ గోడలు మోయాల్సిన బరువంతా అప్పుడు బోల్ట్ మీద పడుతుంది. ఇంత వయసున్న రైఫిల్‌తో ఆ బేరం నాకొద్దు. ఛాంబర్ పొడిగా తుడిచే కాలుస్తున్నాను, సైజింగ్ లూబ్ కూడా పూర్తిగా తుడిచేస్తున్నాను.

కొత్త కేసులకు ఓ-రింగ్

మొదటి కాల్పులో పడే 11 థౌ సాగుడుకు విరుగుడు ఇదే. రిమ్ ముందు కేస్‌కు సరిపడే చిన్న రబ్బరు ఓ-రింగ్ తొడిగితే బోల్ట్ మూసినప్పుడు అది బ్యారెల్‌కూ రిమ్‌కూ మధ్య నలిగి కేస్‌ను వెనక్కి, బోల్ట్ మొహానికి ఆనించి పెడుతుంది. అడుగు ముందే వెనక ఉంది కాబట్టి వెనక్కి పోయే పని లేదు. భుజం ఉబ్బడానికి కావాల్సిన ఇత్తడి మెడ వైపు నుంచి వస్తుంది. కేస్ పొడవు పెరగడానికి బదులు కాస్త తగ్గింది, అంటే అనుకున్నదే జరిగిందన్నమాట. ఈ మొదటి కాల్పుకు మాన్యువల్‌లో ఉన్న మధ్యస్థ లోడే (మందు మోతాదే) వాడాను. కాల్చిన ప్రతిసారీ రింగ్ ఛాంబర్ మూతిలో ఉండిపోకుండా చూసుకోవాలి.

వీటిలో ఒకదాన్ని బలిచ్చి కోశాను. దిమ్మ నుంచి గోడ నున్నగా పల్చబడుతోంది, తీగ ఎక్కడా తట్టుకోలేదు.

రెండు గుంపుల పోలిక

ఒకే లాట్ కేసులను రెండు గుంపులు చేశాను. లోడ్ ఒకటే, రైఫిల్ ఒకటే. ఒక గుంపుకు డై పూర్తిగా కిందికి, రెండోదానికి 12 థౌ ఖాళీతో. మొదటి గుంపు ప్రతి కాల్పుకూ 6 థౌ దాకా పొడవు పెరుగుతోంది. రెండోది 1, ఒక్కోసారి 2.

ఆ 1, 2 పూర్తిగా పోతాయని నేను అనుకోవడం లేదు. మౌజర్ రైఫిల్‌లో బోల్ట్ తాళం ముందే, ఛాంబర్ పక్కనే ఉంటుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో లగ్గులు (బోల్ట్‌కు తాళం వేసే పళ్లు) వెనక ఉంటాయి. కాల్పు బలం బోల్ట్ పొడవునా పోయి రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు చట్రం) గోడలను లాగుతుంది. బోల్ట్ కొంచెం నొక్కుకుంటుంది, రిసీవర్ కొంచెం సాగుతుంది, మళ్లీ యథాస్థితికి వస్తాయి. ఆ కాసేపు కేస్ కూడా వాటితో పాటు సాగాలి. ఏ డై సెట్టింగూ దాన్ని ఆపలేదు. లోడ్ తగ్గిస్తే తగ్గుతుంది, కాగితం మీద చిల్లులు పెట్టడానికి గరిష్ఠ లోడ్ అవసరమూ లేదు.

బోల్ట్ హెడ్ సంగతి

నంబర్ 2 హెడ్ ఒకటి దొరికింది. నంబర్లను నమ్మకూడదు, అరిగిపోయిన 2 కన్నా కొత్త 1 పొడవుండొచ్చు. మైక్రోమీటర్‌తో కొలిస్తే ఇప్పుడున్నదానికన్నా ఇది 4 థౌ ఎక్కువ. బిగించి చూస్తే హెడ్‌స్పేస్ 67కు వచ్చింది. లగ్గులకు నల్ల మార్కర్ పూసి మూసి తెరిస్తే రెండు వైపులా సమంగా చెరిగింది.

అంతా బాగానే ఉంది కదా అని పాత కేసులు ఎక్కిస్తే బోల్ట్ మూసుకోలేదు. ఎందుకు మూసుకుంటుంది! ఆ కేసులన్నీ 71 రైఫిల్‌లో ఉబ్బినవి. బోల్ట్ మొహం 4 థౌ ముందుకొస్తే వాటి భుజం 4 థౌ పొడవైపోయినట్టే. డై మళ్లీ దించి, ఇంకో 4 వెనక్కి తోస్తే గానీ పట్టవు. బోల్ట్ హెడ్ మార్చాలనుకునేవాళ్లు కేసులను ఉబ్బించకముందే మార్చుకోవాలి, మధ్యలో మారిస్తే పాత కేసులకు చేసిన పనంతా మళ్లీ చేయాలి.

బోల్ట్ హెడ్ మార్చమన్న ఆ షూటర్‌కు ఇదే చెప్పాను. హెడ్ మార్చి డై పూర్తిగా కిందికి దించితే ఆట 67లో 60 పోను 7. హెడ్ మార్చకుండా డై లేపితే 3. నేను పాత హెడ్డే తిరిగి బిగించాను. నంబర్ 2ను కొలత రాసిన చీటీ చుట్టి డబ్బాలో వేశాను. గేజ్ 74 వైపు జరుగుతున్నట్టు కనిపిస్తే అప్పుడు తీస్తాను, ఆ రోజు కొత్త కేసులతోనే మొదలుపెడతాను.

ప్రస్తుతం

గీత కనిపించినవి, తీగ తట్టుకున్నవి అన్నీ శ్రావణంతో నలిపి చెత్త ఇత్తడిలో పడేశాను. నలపకపోతే ఏదో ఒక రోజు మళ్లీ బల్ల మీదికి వస్తాయి. ఓ-రింగ్‌తో మొదలైన లాట్ పెట్టె మీద "71, పాత హెడ్, −2" అని రాశాను. డై లాక్ రింగ్ 12 థౌ ఫీలర్ గేజ్ పట్టేలా బిగించి, రింగ్ మీదా ప్రెస్ మీదా కలిపి ఒక పెయింట్ గీత గీశాను. షెల్ హోల్డర్ మారిస్తే ఆ గీత చెల్లదు, మళ్లీ ప్రైమర్‌తో కొలుచుకోవాలి.